అధ్యాపకులు ఎవరి లెక్కలో ఉంటారు? ఒక కొత్త అంతర్జాతీయ వ్యవహారాల స్కూల్ కేస్ స్టడీ

విశ్వవిద్యాలయాల్లో కొత్త స్కూళ్ల ఏర్పాటుకు ప్రణాళికా సలహాదారుగా పనిచేస్తూ నేను దగ్గరగా చూసిన కేసుల్లో ఇదొకటి. అంతర్జాతీయ వ్యవహారాల స్కూల్ పెట్టాలనుకున్న విశ్వవిద్యాలయాలు సాధారణంగా పేరు, భవనం, దాత, డీన్ అనే నాలుగు విషయాల మీదే ఎక్కువ కాలం చర్చిస్తాయి. ఈ కేసులో మొదటి మూడూ సమకూరినా పని ముందుకు సాగలేదు. చివరికి దాన్ని కదిలించింది సమావేశాల్లో ఎవరూ అంతగా పట్టించుకోని ఒక పాలనాపరమైన అంశం: అధ్యాపక పోస్టు ఏ విభాగం పద్దులో ఉంటుంది, ఆ పోస్టుకు సంబంధించిన నియామకం, పనిభారం, సెలవు, పదోన్నతి ఎవరి సంతకంతో జరుగుతాయి అన్నది. విశ్వవిద్యాలయం, దేశం, దాత, వ్యక్తుల వివరాలను పూర్తిగా తొలగించాను. గుర్తుపట్టే వీలున్న చోట సందర్భాన్ని కొంత మార్చాను కానీ, నిర్ణయాల వెనుక ఉన్న తర్కాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఈ తరహా స్కూళ్లకు మూలం రెండు వేర్వేరు అవసరాల్లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అంతర్జాతీయ రాజకీయాలకు ప్రత్యేక ప్రొఫెసర్ పీఠం ఏర్పడింది. అదే ఏడాది వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో విదేశాంగ సేవల స్కూల్ మొదలైంది. మొదటిది దేశాల మధ్య యుద్ధం, శాంతి ఎలా నిర్ణయమవుతాయో అధ్యయనం చేయడానికి, రెండోది విదేశాల్లో దౌత్య, వాణిజ్య బాధ్యతలు నిర్వహించగల మనుషులను తయారు చేయడానికి. ఆ తర్వాత పుట్టిన దాదాపు ప్రతి సంస్థా ఈ రెండు లక్ష్యాలనూ ఒకే గొడుగు కిందికి తేవాలని ప్రయత్నించింది. ఒక శాస్త్రంగా పరిశోధన చేయాలి, ఒక వృత్తికి శిక్షణా ఇవ్వాలి. ఈ రెండింటికీ కావలసిన అధ్యాపకులు ఒకే రకం వారు కారు. వారి పనిని కొలిచే కొలమానాలూ ఒకటి కావు.

సంస్థ ఎక్కడి నుంచి పుట్టిందన్నది కూడా ముఖ్యమే. 1943లో వాషింగ్టన్‌లో స్వతంత్రంగా మొదలైన ఉన్నత అంతర్జాతీయ అధ్యయనాల స్కూల్ 1950లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. న్యూఢిల్లీలో 1955లో ఏర్పడిన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1970లో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో చేరింది. ఇలా బయట పెరిగి లోపలికి వచ్చిన సంస్థ తన అధ్యాపకులను, తన పద్ధతులను వెంట తెచ్చుకుంటుంది. అప్పటికే ఉన్న పెద్ద విశ్వవిద్యాలయం కడుపులోంచి పుట్టే స్కూల్ పరిస్థితి వేరు. అది కావలసిన మనుషుల కోసం పాత విభాగాల తలుపు తట్టక తప్పదు. మా కేసు ఈ రెండో కోవకు చెందింది.

రాజనీతిశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం, భాషా విభాగాలు బలంగా ఉన్న పాత పరిశోధన విశ్వవిద్యాలయం అది. అక్కడ ఎన్నో ఏళ్లుగా ఒక చిన్న అంతర్జాతీయ అధ్యయనాల కేంద్రం రెండేళ్ల ఎం.ఏ. నడిపేది. ఆ కేంద్రానికి ఒక డైరెక్టర్, ఇద్దరు కార్యాలయ సిబ్బంది తప్ప సొంత అధ్యాపకులు లేరు. విభాగాల వారు ఇష్టపూర్వకంగా వచ్చి పాఠాలు చెప్పేవారు. విద్యార్థుల సంఖ్య చిన్నదిగా ఉన్నంతకాలం ఆ సద్భావం సరిపోయింది. దాత ఒకరు పెద్ద మొత్తం ప్రకటించగానే పాలకమండలి ఆ కేంద్రాన్ని పూర్తిస్థాయి స్కూల్‌గా మారుస్తూ తీర్మానించింది. తాత్కాలిక డైరెక్టర్ ఆధ్వర్యంలో కొత్త పేరుతో ప్రవేశాలు కూడా మొదలయ్యాయి.

అడిగిన సమస్య, అసలు సమస్య

నన్ను పిలిచేనాటికి డీన్ అన్వేషణ నిలిచిపోయి ఉంది. చివరి దశకు వచ్చిన ఇద్దరు అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. మంచి డీన్ ఎందుకు దొరకడం లేదు, జీతం పెంచాలా, పేరున్న మాజీ మంత్రినో రాయబారినో తీసుకురావాలా అన్నది విశ్వవిద్యాలయం నా ముందు పెట్టిన ప్రశ్న.

నేను మొదట అడిగింది ఆ ఇద్దరు అభ్యర్థులతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు. ఇద్దరి జీవన నేపథ్యాలూ వేరు, ఇష్టమైన రంగాలూ వేరు. అయినా ఇద్దరూ ఒకే ప్రశ్న రాశారు: నియామకాధికారం ఉన్న పోస్టులు నా చేతిలో ఎన్ని ఉంటాయి? ఇద్దరికీ వెళ్లిన జవాబు ఒకే వాక్యం: 'విభాగాల సహకారంతో తగినంత మంది అధ్యాపకులు అందుబాటులో ఉంటారు.' ఆ వాక్యంలో సంఖ్య లేదు, కర్త లేడు, గడువు లేదు. అనుభవం ఉన్న ఏ విద్యా పాలకుడైనా దాన్ని 'ఏమీ లేవు' అనే చదువుకుంటాడు. డీన్ దొరకకపోవడం లక్షణమే తప్ప జబ్బు కాదని అప్పుడే స్పష్టమైంది.

తర్వాత విభాగాధిపతులను విడివిడిగా కలిశాను. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకపోవడానికి కారణం ఉంది. సమావేశంలో అందరూ 'అంతర్విభాగ సహకారం' అనే మాటకు తల ఊపుతారు. తమ భయాన్ని గదిలో ఒంటరిగా ఉన్నప్పుడే చెబుతారు. రాజనీతిశాస్త్ర విభాగంలో బీఏ విద్యార్థులు అత్యధికంగా ఎంచుకునేది అంతర్జాతీయ సంబంధాల కోర్సులనే. విద్యార్థుల సంఖ్యను బట్టే విభాగానికి కొత్త పోస్టులు మంజూరవుతాయి కాబట్టి, ఆ కోర్సులు చెప్పేవారు స్కూల్‌కు వెళ్లిపోతే విభాగం ఏటేటా చిక్కిపోతుందన్నది వారి లెక్క. ఆ లెక్క తప్పు కాదు. చరిత్ర విభాగానికి దౌత్య చరిత్ర చెప్పే ఇద్దరు ముగ్గురే ఉన్నారు. వారు స్కూల్‌లో పునాది పాఠాలు చెప్పే పనివారిగా మిగిలిపోతారన్నది ఆ విభాగం ఆందోళన. ఆర్థికశాస్త్రం వారికి వ్యతిరేకత లేదు, ఆసక్తీ లేదు. తమ రంగం కాని ఎం.ఏ. విద్యార్థులకు ప్రాథమిక అంశాలు బోధిస్తే తమ అధ్యాపకుడి ఎదుగుదలకు ఒరిగేదేమీ లేదని విభాగాధిపతి మర్యాదగానే చెప్పారు. భాషా విభాగాలు మాత్రం స్కూల్ రావాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాయి. అయితే అక్కడ అరబిక్, చైనీస్ వంటి భాషలు చెప్పేవారిలో అత్యధికులు ఏడాది ఏడాదికీ కాంట్రాక్టు పొడిగించుకునే బోధకులు. వారి మీద ఇంకొక్క తరగతి వేసినా మోయలేని స్థితి.

వీరిలో ఎవరూ స్కూల్‌కు శత్రువులు కారు. ప్రతి ఒక్కరూ తమ విభాగం నియమాల ప్రకారం సరిగ్గానే ప్రవర్తిస్తున్నారు. ఆ నియమాల్లో స్కూల్‌కు చోటు లేకపోవడమే అసలు సమస్య.

ఉమ్మడి నియామకాలు: చౌకగా కనిపించిన దారి

తాత్కాలిక డైరెక్టర్ ఎంచుకున్న మొదటి మార్గం ఉమ్మడి నియామకాలు. అప్పటి పరిస్థితిలో ఆ ఎంపిక అసమంజసమైనది కాదు. కొత్త పోస్టుల ఖర్చు లేదు. విభాగాలతో గొడవ లేదు. పేరున్న అధ్యాపకులు స్కూల్ వెబ్‌సైట్ మీద కనిపిస్తారు. పరిశోధన ప్రమాణాలు కాపాడినట్టూ ఉంటుంది. ఒప్పందం ప్రకారం అధ్యాపకుడి పనివేళల్లో సగం విభాగానికి, సగం స్కూల్‌కు. శాశ్వత హోదా, పదోన్నతి మాత్రం విభాగం చేతిలోనే ఉంటాయి.

కాగితం మీద రెండు సగాలుగా ఉన్న పని ఆచరణలో రెండు పూర్తి ఉద్యోగాలైంది. బోధనను సగం చేయవచ్చు గాని సమావేశాలను సగం చేయలేము. రెండు చోట్లా సిలబస్ కమిటీలు, రెండు చోట్లా ప్రవేశాల కమిటీలు, రెండు చోట్లా విద్యార్థుల థీసిస్‌లు. సీనియర్లు తమకున్న పలుకుబడితో కొన్నింటిని తప్పించుకున్నారు. దెబ్బ తగిలింది శాశ్వత హోదా ఇంకా రాని యువ అధ్యాపకులకు. శరణార్థుల చట్టం మీద పనిచేసే ఒక యువ అధ్యాపకురాలు స్కూల్ కోసం ఒక అంతర్జాతీయ సంస్థతో కలిసి విధాన నివేదిక తయారు చేసింది, విద్యార్థులను ఆ పనిలో భాగస్వాములను చేసింది. స్కూల్ దాన్ని తన ఘనతగా ప్రకటించుకుంది. ఆమె మూడో ఏడాది సమీక్షలో విభాగం కమిటీ ఆ నివేదికను పరిశోధనగా లెక్కించలేదు, ఆ ఏడాది జర్నల్ వ్యాసాలు ఎందుకు తగ్గాయని మాత్రం అడిగింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టమని మనమే చెప్పి, నడక తడబడితే ఆమెను తప్పుపట్టడం నాకు ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే బాధ కలిగించిన విషయం.

ఏర్పాటు పూర్తిగా బీటలు వారింది మాత్రం ఆర్థికశాస్త్రం కోర్సు విషయంలో. మొదటి బ్యాచ్ విద్యార్థులందరికీ అంతర్జాతీయ వాణిజ్యం, ఆర్థిక విధానాల కోర్సు తప్పనిసరి. సెమిస్టర్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు ఆ విభాగంలో ఒకరు వైద్య సెలవు మీద వెళ్లడంతో, స్కూల్‌కు కేటాయించిన అధ్యాపకుణ్ణి విభాగం వెనక్కి పిలిపించింది. నియమాల ప్రకారం పోస్టు తమది కాబట్టి ఆ హక్కు వారికి ఉంది. ఆ కోర్సును చివరకు ఒక పరిశోధక విద్యార్థి చెప్పాల్సి వచ్చింది; ఆ యువకుడు శక్తివంచన లేకుండా కష్టపడ్డాడు గాని, మారకపు రేట్ల సంక్షోభాలను విధాన కోణంలో వివరించే అనుభవం అతనికి ఎక్కడి నుంచి వస్తుంది? విద్యార్థులు రాసిన ఫిర్యాదు లేఖలో కోపం కంటే నిరాశే ఎక్కువ కనిపించింది.

పెద్ద పేర్ల ఆకర్షణ

విభాగాలతో పని కుదరకపోతే వాటిని పక్కన పెట్టి ముందుకు పోదామన్నది రెండో ప్రయత్నం. విశ్రాంత రాయబారులు, అంతర్జాతీయ సంస్థల మాజీ అధికారులు, సైనికాధికారులను ఏడాది, రెండేళ్ల ఒప్పందాల మీద తీసుకువచ్చారు. వృత్తి శిక్షణ ఇచ్చే స్కూల్‌కు వృత్తి తెలిసినవారు అవసరమే. వారి తరగతులు కిక్కిరిసిపోయాయి.

ఆ తరగతుల్లో ఒకదానిలో నేను వెనుక వరుసలో కూర్చున్నాను. బహుపాక్షిక చర్చల్లో చాలా ఏళ్లు గడిపిన విశ్రాంత దౌత్యవేత్త విద్యార్థులకు ఒక ముసాయిదా ఒప్పందంలోని ఒకే ఒక పేరాను పంచారు. ఏకాభిప్రాయం కుదరని ప్రతి మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉన్నాయి. అసలు చర్చల్లో ముసాయిదాలు ఉండేది అలాగే. తలా ఒక దేశం పాత్ర ఇచ్చి, తరగతి ముగిసేలోగా బ్రాకెట్లన్నీ తొలగించాలన్నారు. గడువు దగ్గరపడేకొద్దీ విద్యార్థులు ఒక మాట వదులుకుని మరొకటి దక్కించుకోవడం నేర్చుకున్నారు. చివరికి రెండు బ్రాకెట్లు మిగిలిపోయాయి. ఎందుకు మిగిలాయో ఆయన విడమరిచి చెబుతుంటే గదిలో ఒక్కరూ కదల్లేదు. ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని చదువు అది.

మరుసటి ఏడాది ఆయన ఒప్పందం ముగిసి వెళ్లిపోయారు. కోర్సు ఫైలు తెరిచి చూస్తే వారాలవారీ అంశాల పట్టిక ఉన్న ఒకే కాగితం ఉంది. ఆ అభ్యాసాలు, ముసాయిదాలు, మూల్యాంకన పద్ధతి అన్నీ ఆయనతోనే వెళ్లిపోయాయి. తప్పు ఆయనది కాదు. వాటిని సంస్థకు అప్పగించమని ఎవరూ అడగలేదు, అందుకు ఒప్పందంలో చోటూ లేదు. పైగా ఇలా వచ్చిన వారిలో ఎక్కువమంది థీసిస్ పర్యవేక్షణకు సిద్ధపడలేదు, నిబంధనలూ అనుమతించలేదు. పర్యవేక్షణ భారమంతా మళ్లీ ఆ ఉమ్మడి నియామకాల యువ అధ్యాపకుల మీదే పడింది. పెద్ద పేర్లు ఎంత పెరిగితే, కనిపించని పని చేసేవారి మీద బరువు అంత పెరిగింది.

భాషల లెక్క, టైమ్‌టేబుల్ చిక్కు

పట్టా పొందాలంటే ఒక విదేశీ భాషలో ప్రావీణ్యం ఉండాలని స్కూల్ నియమం పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ అమెరికా విదేశాంగ శాఖకు చెందిన ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్ భాషల్లో వృత్తిపరమైన ప్రావీణ్యం సాధించడానికి సుమారు 2,200 తరగతి గంటలు పడతాయి. వారానికి ఐదు గంటల చొప్పున, 15 వారాల సెమిస్టర్లు నాలుగు పూర్తిచేస్తే వచ్చేది 300 గంటలు. అంటే అక్షరాలు దిద్దడంతో మొదలుపెట్టిన విద్యార్థి రెండేళ్ల తర్వాత పత్రిక చదివే స్థాయికి కూడా చేరడం కష్టం. సాధ్యం కాని నియమాన్ని పుస్తకంలో ఉంచి, ఏటా మినహాయింపులు ఇస్తూ పోవడం విద్యార్థికీ సంస్థకూ నష్టమే.

దీనికి తోడు టైమ్‌టేబుల్. భాషా తరగతులు వారంలో ఐదు రోజులూ ఉదయం ఒకే గంటకు జరుగుతాయి. భాష నేర్వడానికి ఆ క్రమం అవసరం. స్కూల్ ప్రధాన కోర్సులు వారానికి రెండు రోజులు, అదే గంటతో కలిసిపోయేలా పెట్టారు. గణాంక పద్ధతుల కోర్సు తీసుకున్న విద్యార్థి మంగళ, గురువారాల్లో అరబిక్ మానుకోవాలి, లేదా గణాంకాలను ఏడాది వాయిదా వేయాలి. ఆ గంటల పట్టికను గీసింది రెండు వేర్వేరు కార్యాలయాలు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు.

పని చేసిన మార్గం

ఇంతవరకు జరిగినదాన్ని ఒకచోట పెట్టి చూస్తే, విఫలమైన ప్రతి ఏర్పాటులోనూ స్కూల్ వేరొకరి నిర్ణయం మీద ఆధారపడి ఉంది. కాబట్టి డీన్ అన్వేషణను పూర్తిగా ఆపి, ముందుగా పోస్టుల స్వరూపాన్ని తేల్చాలని సిఫారసు చేశాను. ఉపకులపతి కార్యాలయానికి ఇది రుచించలేదు. డీన్ లేకుండా స్కూల్ నిర్మాణం ఎవరు నిర్ణయిస్తారన్నది వారి అభ్యంతరం. డీన్‌ను వెతకాలంటే ముందు ఆ పదవిలో ఏముందో చెప్పగలగాలి అన్నది నా వాదన. ఆ ఇద్దరు అభ్యర్థుల ఉత్తరాలే దానికి సాక్ష్యంగా నిలిచాయి.

సిఫారసు సారాంశం ఇది. స్కూల్‌లో మూడు రకాల పోస్టులు ఉండాలి. మొదటిది, పూర్తిగా స్కూల్‌వే అయిన పోస్టులు. వీటి నియామకం, సమీక్ష, పదోన్నతి స్కూల్ కమిటీ చేతిలో ఉంటాయి, విధాన పరిశోధనను ఎలా తూచాలో ఆ కమిటీ ముందే రాతపూర్వకంగా ప్రకటిస్తుంది. తప్పనిసరి కోర్సులన్నీ ఈ పోస్టుల వారే చెప్పాలి. ఈ ఒక్క నియమం మీద మాత్రం నేను పట్టు వీడలేదు, ఎందుకంటే పునాది కోర్సు అరువు తెచ్చుకున్న మనిషి మీద నిలబడకూడదు. రెండోది, పంచుకునే పోస్టులు. ఇవి ఉంటాయి గాని, అందరికీ ఒకే ఒప్పందం కాకుండా ప్రతి వ్యక్తికీ విడిగా ఒక ఒప్పంద పత్రం ఉండాలి. ఏ కోర్సులు, ఎన్ని కమిటీలు, సమీక్ష కమిటీలో ఇరుపక్షాల నుంచి ఎవరు, పిలిచి వెనక్కి తీసుకోవాలంటే ఎంత ముందుగా చెప్పాలి అన్నవి అందులో ఉండాలి. నియామక ఉత్తరంతో పాటే దాని మీదా సంతకాలు జరగాలి. శాశ్వత హోదా రానివారిని పంచుకునే పోస్టుల్లోకి తీసుకోకూడదు. మూడోది, వృత్తి అనుభవం ఉన్న ఆచార్యుల పోస్టులు, కనీసం మూడేళ్ల ఒప్పందంతో. మొదటి సెమిస్టర్‌లో వారికి బోధనాభారం తగ్గించి, ఆ సమయంలో తమ అభ్యాసాలను, మూల్యాంకన పద్ధతిని మరొకరు వాడుకోగలిగేలా రాసిపెట్టాలని షరతు. ప్రతి కోర్సుకూ స్కూల్ అధ్యాపకుడొకరు జంటగా ఉంటారు.

విభాగాల భయానికి మాటలతో జవాబు లేదు, లెక్కలతోనే ఉంది. ఎవరైనా అధ్యాపకుడు స్కూల్‌కు మారితే ఆ పోస్టు విభాగంలోనే ఖాళీగా మిగిలి, అక్కడ కొత్త నియామకం జరుగుతుంది. స్కూల్‌కు కొత్త పోస్టు వేరుగా సృష్టిస్తారు. విద్యార్థుల సంఖ్యను లెక్కించేటప్పుడు కోర్సు ఎక్కడ నమోదైందన్నది కాక, చెప్పే అధ్యాపకుడి జీతం ఏ పద్దులో ఉందన్నది చూస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, స్కూల్ బీఏ పెట్టదు. అంతర్జాతీయ సంబంధాల బీఏ రాజనీతిశాస్త్రంలోనే ఉంటుంది. ఈ చివరి నిర్ణయం స్కూల్ మద్దతుదారుల్లో కొందరికి నచ్చలేదు. బీఏ విద్యార్థుల సంఖ్య ఇచ్చే బలాన్ని చేజేతులా వదులుకున్నామన్నారు. కానీ దాన్ని వదులుకున్న వారంలోనే రాజనీతిశాస్త్ర విభాగం, విశ్వవిద్యాలయ విద్యా నిర్ణయాలను ఆమోదించే సెనేట్‌లో తన అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంది. ఆ విభాగం తోడు లేకుండా సెనేట్ ఆమోదం వచ్చే అవకాశమే లేదు.

డబ్బు ఎక్కడిదన్నది మిగిలిన ప్రశ్న. దాత ఇచ్చినదానిలో పెద్ద భాగం భవనానికే కేటాయించి ఉంది. దాన్ని తగ్గించి, అలా మిగిలినదాన్ని శాశ్వత నిధిగా మార్చి, దాని రాబడితో పోస్టులు, విద్యార్థి వేతనాలు నడపాలని ఆయన ముందు ప్రతిపాదించాం. విద్యార్థి వేతనాలను నేను పోస్టులతో సమానంగా పట్టుబట్టడానికి కారణం ఉంది: ఫీజుల మీదే బతికే ఎం.ఏ.లో చివరికి ఫీజు కట్టగలిగినవారే మిగులుతారు, అప్పుడు ప్రపంచం గురించి జరిగే చర్చ ఒకే తరగతి ఇళ్ల నుంచి వచ్చినవారి మధ్య చర్చగా కుదించుకుపోతుంది. దాత దానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నారు గాని, బదులుగా నియామకాల్లో సలహా మండలికి మాట ఉండాలని, ఆ మండలి సభ్యులను తానే సూచిస్తానని కోరారు. ఇక్కడ మాకు ఉపయోగపడింది యేల్ విశ్వవిద్యాలయ అనుభవం. దేశాల దీర్ఘకాల వ్యూహాలను బోధించే అక్కడి గ్రాండ్ స్ట్రాటజీ కార్యక్రమం డైరెక్టర్, దాతల ఒత్తిడి నుంచి విద్యా స్వేచ్ఛను విశ్వవిద్యాలయం కాపాడలేదంటూ 2021లో పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ వివాదం దాతలకు గాని విశ్వవిద్యాలయానికి గాని గౌరవం తేలేదు. ఆ ఉదంతాన్ని దాత ముందు దాపరికం లేకుండా పెట్టాం. సలహా మండలి ఏడాదికి రెండుసార్లు సమావేశం కావచ్చు, అభిప్రాయాలు చెప్పవచ్చు. నియామకం, సిలబస్, ప్రవేశాల మీద దానికి ఓటు ఉండదు, వ్యక్తిగత ఫైళ్లు దాని ముందుకు రావు అని ఒప్పందంలో రాశాం. ఆయన కొంతకాలం ఆలోచించి సంతకం చేశారు. భవనం రెండంతస్తులు తగ్గింది.

భాషల విషయంలో నియమం తలకిందులు చేశాం. ప్రావీణ్యాన్ని కూర్చున్న గంటలతో కాక, చివర్లో ఒక పరీక్షతో కొలుస్తారు. కఠినమైన భాషలను ఎంచుకునేవారు కొంత పునాదితోనే ప్రవేశించాలి, లేదా రెండేళ్ల మధ్య వేసవిలో పూర్తికాల భాషా శిక్షణకు వెళ్లాలి. ఆ ఖర్చు స్కూల్ భరిస్తుంది. ఆ అవకాశం లేనివారికి తమకు ముందే తెలిసిన మరో విదేశీ భాషను వృత్తిస్థాయికి పెంచుకునే దారి ఉంది. భాషా బోధకుల కాంట్రాక్టులను బహుళ సంవత్సరాలకు పెంచడానికి స్కూల్ నిధుల్లోంచి భాషా విభాగాలకు నేరుగా డబ్బు బదిలీ అయింది. ఉదయం భాషా తరగతుల గంటలో స్కూల్ ఏ కోర్సూ పెట్టకూడదని టైమ్‌టేబుల్ నిబంధన వచ్చింది. ఖర్చు లేని ఈ చివరి మార్పుకే విద్యార్థుల నుంచి అన్నిటికంటే ఎక్కువ కృతజ్ఞత దక్కింది.

పిహెచ్‌డీని వెంటనే మొదలుపెట్టాలన్న ఒత్తిడి పై నుంచి గట్టిగా వచ్చింది. పరిశోధక విద్యార్థికి కనీసం ఐదేళ్లపాటు కదలని మార్గదర్శకులు కావాలి. నిన్నటిదాకా అధ్యాపకులే లేని స్కూల్ ఆ హామీ ఇవ్వలేదు. పైగా బయట ఉద్యోగాల నియామకాలు ఇప్పటికీ రాజనీతిశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం పేర్లతోనే ఎక్కువగా జరుగుతాయి. అందుకని దాన్ని వాయిదా వేసి, ఎం.ఏ. ప్రవేశాలను కూడా మొదటి రెండేళ్లు చిన్న సంఖ్యకే పరిమితం చేశాం.

ఇవన్నీ రాతలోకి వచ్చాక డీన్ అన్వేషణ మళ్లీ తెరిచారు. ప్రకటనలో పోస్టుల సంఖ్య, నియామకాధికారం, నిధి స్వరూపం స్పష్టంగా ఉన్నాయి. మొదటిసారి తప్పుకున్న ఇద్దరిలో ఒకరు తిరిగి దరఖాస్తు చేశారు. ఎంపికైంది మాత్రం మరొకరు, ఒక ప్రాంతీయ అధ్యయన కేంద్రాన్ని నడిపిన చరిత్రకారిణి. ఆమె చేసిన మొదటి పని శరణార్థుల చట్టం చెప్పే ఆ యువ అధ్యాపకురాలిని పూర్తిగా స్కూల్ పోస్టులోకి తీసుకోవడం.

పాఠాలు, మిగిలిన చిక్కులు

ఇలాంటి పనికి పూనుకునేవారికి నేను మొదట చెప్పేది, పాలకమండలి తీర్మానంలోనే పోస్టుల సంఖ్య, అధికారం రాయించుకోండని. ప్రకటన వెలువడిన రోజు విశ్వవిద్యాలయానికి ఉత్సాహం ఉంటుంది, దాతకు ఔదార్యం ఉంటుంది. ఆరు నెలల తర్వాత రెండూ తగ్గి విభాగాల లెక్కలు మాత్రం మిగులుతాయి. విభాగాధిపతుల అభ్యంతరాలను సంకుచితత్వంగా కొట్టిపారేయడం మరో పొరపాటు. ఈ కేసులో వారి భయాలు విన్నందువల్లే ఏ నియమం మార్చాలో తెలిసింది. వారిని ఒప్పించే ఉపన్యాసాలు చేసి ఉంటే ఇంకో ఏడాది గడిచేది.

వృత్తి నిపుణుల గురించి నా అభిప్రాయం ఈ కేసుతో మరింత గట్టిపడింది. వారు లేని స్కూల్ రాజనీతిశాస్త్ర విభాగానికి నకలుగా మిగులుతుంది. వారి మీదే నిలబడిన స్కూల్ ఉపన్యాసాల వేదికగా మారుతుంది. వారి నైపుణ్యాన్ని సంస్థ జ్ఞానంగా మార్చే ఏర్పాటుకు సమయం, జీతం, తోడు అధ్యాపకుడు కావాలి. అవి ఇవ్వలేనప్పుడు వారిని తక్కువ సంఖ్యలో తీసుకోవడమే మేలు.

అన్నీ తేలిపోలేదు. ఆర్థికశాస్త్రం విభాగంతో పంచుకున్న పోస్టు ఇప్పటికీ భర్తీ కావడం కష్టంగానే ఉంది. ఆ రంగంలో జీతాల స్థాయి వేరు కావడం వల్ల స్కూల్ సొంత పోస్టుకు వచ్చినవారు నిలుస్తారన్న భరోసా లేదు. వృత్తి ఆచార్యులకు సెనేట్‌లో ఓటు ఉండాలా అన్న చర్చ రెండుసార్లు వాయిదా పడింది. స్కూల్ పోస్టుల్లో చేరిన తొలి అధ్యాపకుల్లో ఎవరికీ ఇంకా శాశ్వత హోదా సమీక్ష రాలేదు. విధాన పరిశోధనను ఎలా తూచాలో రాసుకున్న కొలమానం స్కూల్ కమిటీ దాటి విశ్వవిద్యాలయ స్థాయి కమిటీ ముందుకు వెళ్లినప్పుడు, బయటి విభాగాల నుంచి వచ్చిన సభ్యులు దాన్ని అంగీకరిస్తారా లేదా అన్నది ఆ మొదటి ఫైలుతోనే తేలుతుంది. ఆ సమీక్షకు పంపాల్సిన బయటి నిపుణుల జాబితాలో విద్యావేత్తలతో పాటు విధాన రంగంలో పనిచేసేవారిని కూడా చేర్చే నిబంధనను డీన్ ఇప్పుడు సెనేట్ ముందు పెట్టారు.